నాలుగో జ్వరం

కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

కెలమంగలం దారిలో మోహన్‌కుమార్‌కు అల్యూమినియం పైపు జాయింట్ల ఫ్యాక్టరీ ఉంది. అందులో పర్యావరణం సెక్షన్ అని ఒకటుంది. ఆ సెక్షన్‌లో ఉన్నది ఒకే ఒక్క మనిషి, రేణు. ఫ్యాక్టరీ వెనక గోడ దాటితే బండిదారి. బండిదారి దాటితే రేణు తండ్రి ముత్తప్ప రెండెకరాల మల్బరీ తోట, తోట చివర పట్టుపురుగుల షెడ్డు. ఈ మూడు నెలల్లో రెండు పంటలు, ఇంకో నాలుగు రోజుల్లో గూడు కడతాయనగా, అరల మీదే చచ్చిపోయాయి. రేణు తల్లి తిమ్మమ్మ రెండుసార్లూ గుంట తవ్వి, సున్నం చల్లి, పూడ్చిపెట్టింది. రెండోసారి పూడ్చాక ముత్తప్ప కూతురికి ఒక్క మాటైనా చెప్పకుండా ఫ్యాక్టరీ పొగ మీద అర్జీ పెట్టాడు. దాని మీద విచారణకు కంపెనీ తరఫున చెన్నై నుంచి సుధీర్ అనే కన్సల్టెంటు వచ్చి, షెడ్డు చూసి, ముత్తప్పతో మాట్లాడి వెళ్లాడు.

ఎల్లుండి జర్మనీ కొనుగోలుదారు తరఫున ఒకావిడ తనిఖీకి వస్తోంది. ఆమె వచ్చేనాటికి ఫ్యాక్టరీ మీద తేలని ఫిర్యాదు ఒక్కటి ఉన్నా ఆర్డరు లేనట్టే. అందుకే ఈ ఉదయం ముత్తప్పను సంతకానికి పిలిపించారు. రిపోర్టులో ఏముందో రేణుకు చూపించలేదు. ముత్తప్పకు చూపించినా లాభం లేదు, అది ఇంగ్లీషులో ఉంది.

పదకొండు గంటలకు ముత్తప్ప వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన కొత్త తువ్వాలు. అర్జీ పెట్టిన మనిషిలా లేడు, పెళ్లిమాటలకు వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. మీటింగు గది గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతుంటే మోహన్‌కుమార్ లేచి ఎదురొచ్చాడు.

"చెప్పులతోనే రా చిన్నాయనా. ఈడ అందురూ అట్లే వస్తారు."

"ఉండనీలే మోహనా. కింద సల్లగా బాగుండాది," అంటూ ముత్తప్ప చెప్పులు విడిచే లోపలికొచ్చాడు.

మోహన్‌కుమార్ పరాయివాడేం కాదు. వాళ్ల నాన్నా ముత్తప్పా ఒకే గొర్రెల మందను రాయకోట గుట్టల దాకా తోలుకుపోయి మేపినవాళ్లు. మోహన్‌కుమార్ హోసూరులో లేత్ మెషిన్ దగ్గర నిలబడి పని నేర్చుకున్నాడు. మత్తిగిరిలో ఒక్క గదిలో పెళ్లాం బిడ్డలతో పదేళ్లు ఇరుక్కుని బతికి, ఆ తర్వాత ఈ ఫ్యాక్టరీ లేపాడు. నూట నలభై మందికి పని చూపించాడు. రేణుకూ చూపించాడు. ఫ్యాక్టరీలో అతను ఆమెకు సార్, ఊళ్లో అన్న. ఈ రోజు ఏమని పిలవాలో ఆమెకు పాలుపోలేదు. అందుకని అసలు పిలవనేలేదు.

సుధీర్ లాప్‌టాప్ తెరిచాడు. సుధీర్ చెడ్డవాడు కాడు. చికాకంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పారెయ్యొచ్చు. షెడ్డులో రెండు గంటలు ఓపికగా కూర్చున్నాడు, తిమ్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు, చచ్చిన పురుగుల ఫోటోలు కూడా తీసుకున్నాడు. అతనికి తెలుగు రాదు. ముత్తప్పకు అరవం వచ్చు గానీ, పురుగుల సంగతి వచ్చేసరికి నోటికి తెలుగే వస్తుంది. ఆ రోజు ఇద్దరి మధ్యా ఏం నడిచిందో ఇప్పుడు ఈ గదిలో తేలబోతోంది.

"అయ్యా, మీరు చెప్పిందే రాశాను. ఒక్కొక్కటీ అడుగుతాను, తప్పుంటే చెప్పండి," అన్నాడు సుధీర్ అరవంలో. "పురుగులకు జురం వచ్చిందన్నారు. నిజమేనా?"

"ఔనప్పా. జ్వరమే," అన్నాడు ముత్తప్ప, అరవంలో తెలుగు కలిపి.

"ఒకసారి కాదు, నాలుగుసార్లు."

"నాలుగు తూర్లు. నాలుగో జ్వరం అన్నీ ఒగటే మాదిరి బాగా లేచినాయి. లేచి మూడు దినాలు ఆకు తినినాయి. ఆమీదనే సచ్చిపోయినాయి."

"అంతకుముందు పంటకు కూడా జురం వచ్చిందా?"

ముత్తప్ప అతని వంక జాలిగా చూశాడు. "ప్రతి పంటకీ వస్తాదప్పా. రాకపోతే ఎట్ల?"

"అదే, అదే." సుధీర్ తృప్తిగా తలాడించి, ఇంగ్లీషులోకి మారి మోహన్‌కుమార్ వైపు తిరిగాడు. "సార్, ప్రతి పంటలోనూ నాలుగుసార్లు ఫీవర్. అంటే షెడ్డులో రోగం పాతుకుపోయింది. చావులకూ మన పొయ్యి పొగకూ సంబంధం లేదని రాశాను. అర్జీదారే స్వయంగా ఒప్పుకున్నాడు కాబట్టి ఇక్కడితో అర్జీ ముగిసింది."

రేణుకు ముందు నవ్వొచ్చింది. పెదాలు బిగబట్టి తండ్రి వైపు చూసింది, ఆయన కూడా నవ్వుతాడనుకుంది. ఆ ఇంగ్లీషు అందక ఆయన నవ్వడం లేదు. పెన్ను కోసం చెయ్యి చాపుతున్నాడు.

"నాయనా, ఆగు!"

"ఏమి పాపా? బాగానే రాసినాడు గదా. నేను చెప్పినదంతా ఉండాది. నాలుగు జ్వరాలని సుత తప్పు లేకుండా రాసుకున్నాడు."

అప్పుడు అర్థమైంది రేణుకు. మూడు భాషలకూ ఒకటే మాట. తెలుగులో జ్వరం, అరవంలో జురం, ఇక్కడ పురుగులు మేపే కన్నడంవాళ్లదీ జ్వరమే. ఎవరికి వాళ్లకు అర్థమైపోయింది. అందుకే ఎవరూ ఎదుటివాణ్ణి మళ్లీ అడగలేదు. తెలియని మాట ఏదైనా అడ్డం పడి ఉంటే సుధీర్ ఆగి అడిగేవాడు. తెలిసిన మాట కాబట్టే కొంప ముంచింది.

"సార్," అంది సుధీర్‌తో, అరవంలోనే. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా లేచింది. "జ్వరమంటే ఇక్కడ రోగం కాదు. పురుగు ఎదిగేటప్పుడు తోలు చాలదు. మేత మానేసి, కదలకుండా ఉండి, పాత తోలు విడిచి, కొత్త తోలుతో లేస్తుంది. పుట్టినప్పటి నుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు. దాన్నే జ్వరం అంటాం. నాలుగో జ్వరం బాగా లేచాయంటే పురుగులు ఆరోగ్యంగా ఉన్నాయని అర్థం."

సుధీర్ నోరు తెరుచుకుని చూశాడు. అతనికి తన మాట ఎక్కలేదేమోనని ముత్తప్పకు అనుమానం వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో ముడుచుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, మీటింగు గదిలో, గోడ మీద ఎగుమతుల మ్యాపు కింద, పట్టుపురుగై కూర్చున్నాడు.

"ఇట్ల," అన్నాడు కళ్లు తెరవకుండానే. "తల ఎత్తి ఇట్లే ఉంటాది, ఒగ దినం. ఆకు ముట్టదు. మనము తాకకూడదు. గాలి సుత గట్టిగా తగలనీకూడదు. ఆమీద లేస్తాది. లేచినాక దాని ఆకలి సూడల్లప్పా నువ్వు. వాన పడినట్ల సద్దు వస్తాది ఆకు కొరికితే."

"మరి దానికి జ్వరమని పేరెందుకు పెట్టారయ్యా?" సుధీర్ దాదాపు ఏడుపు గొంతుతో అడిగాడు.

"నేను పెట్టలేదప్పా. మా తాతా పెట్టలేదు. అట్లే ఉండాది."

సుధీర్ తన ఫోటోలు తెరిచి, ఒకదాన్ని పెద్దది చేసి చూశాడు. చచ్చిన పురుగు కణుపు కణుపుకూ నల్లటి గీత. మల్బరీ ఆకు అంచంతా పొగ సోకినట్టు గోధుమరంగులో ఎండి ఉంది. మొన్న కూడా ఈ ఫోటోలు చూశాడు. జ్వరం అనే మాట ముందే చెవిలో పడడంతో కళ్లు దాన్నే చూశాయి.

"అలాగైతే రిపోర్టు నిలవదు సార్," అన్నాడు మోహన్‌కుమార్‌తో, తలెత్తకుండా. "మార్చాలి."

మోహన్‌కుమార్ లేచి తలుపు తీసి, "రేణూ, ఒగ నిమిషం," అని బయటికి నడిచాడు.

బయట మెట్ల వరండా. అక్కడి నుంచి కింద పొయ్యిల హాలు కనిపిస్తుంది. తుక్కు అల్యూమినియం కట్టలు కట్టి కుప్పలు పోసి ఉంది: పాత కిటికీ చట్రాలు, వంటపాత్రలు, స్కూటర్ ఇంజను ముక్కలు. ముగ్గురు మనుషులు కరిగిన లోహం మీద పారతో తెల్లపొడి చల్లుతున్నారు. చల్లిన ప్రతిసారీ తెల్లటి పొగ లేచి, పైకప్పు సందుల్లోంచి వెనక గోడ వైపు పోతోంది. ఆ పొడి వేస్తే మురికి పైకి తేలుతుంది, లోహం శుభ్రపడుతుంది.

"నువ్వు ఆ మాట ఎందుకు చెప్పినావు?" అన్నాడు మోహన్‌కుమార్.

"తప్పు రాసినారు కాబట్టి."

"తప్పు నేను రాయలేదు. సుధీర్ రాయలేదు. చిన్నాయన నోటితో చెప్పిన మాటే రాసినాడు. ఇంగ రెండు దినాలు ఆ మాట అట్లే ఉండుంటే ఎవరికేమి నష్టం? ఆయమ్మ వచ్చి, సూసి, పోతాది. ఆర్డరు వస్తాది. ఆమీద నేనే పోయి చిన్నాయన షెడ్డుకి ఏమి కావల్లో అది చేస్తాను. చేయనని ఎప్పుడన్నా అన్నానా?"

"ఫిల్టరు పెట్టల్ల. మొదటి పంట పోయినప్పటి నుంచి అడుగుతా ఉండాను."

"ఆర్డరు వస్తే పెడతాను."

"ఆర్డరు రావల్లంటే ఫిర్యాదు ఉండకూడదు. ఫిర్యాదు పోవల్లంటే ఫిల్టరు ఉండల్ల. ఎట్లన్నా ఇది?"

అన్నా అని వచ్చేసింది నోట్లోంచి. మోహన్‌కుమార్ రెయిలింగు పట్టుకుని కిందికి చూశాడు. అతని కోపం మెల్లగా రాజుకునే రకం, రాజుకుంటే ఆరదు.

"ఎట్లనా? నన్ను అడుగుతావా? ముందర మంచి అల్యూమినియం దిమ్మెలు కొని కరిగిస్తా ఉంటిమి. పొగ లేదు, పొడి అంతగా వాడలేదు. ఐరోపావాళ్లు లెక్క తీసినారు. ఆ దిమ్మెలు బొగ్గు కరెంటుతో చేసినవంట, కాబట్టి మన జాయింటు మీద కార్బన్ సుంకం పడతాదంట. నూరేండ్లు బొగ్గు కాల్చి మేడలు కట్టుకున్నోళ్లు వాళ్లు. ఈ ఏడు మన దగ్గరికి వచ్చి, నీ వాటా పొగ ఎంతని అడుగుతా ఉండారు. సరే అన్నాను. తుక్కు కరిగిస్తే సుంకం లేదన్నారు, తుక్కుకి మారినాను. ఢిల్లీలో మంత్రులు ఎగుమతి చెయ్యండి చెయ్యండి అంటారు. మార్కెట్లోకి పోతే చైనా సరుకు నాకన్నా తక్కువలో కూర్చుని ఉంటాది. కరెంటు పోతే డీజిల్, డీజిల్ కాలిస్తే మళ్లీ పొగ లెక్క. యాడికి పోవల్ల నేను? చెప్పు, యాడికి పోవల్ల?"

"మా నాయన యాడికి పోవల్ల?"

రేణుకు ఒళ్లు మండిపోతోంది, కానీ ఎవరి మీద మండాలో తెలియని మంట అది. మోహన్‌కుమార్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. తండ్రి షెడ్డు కట్టుకోమని సాయం చేసింది ప్రభుత్వమే, గోడవతల పొయ్యి పెట్టుకోమని అనుమతి ఇచ్చిందీ ప్రభుత్వమే. భూమి చల్లబడాలని ఐరోపాలో రాసుకున్న చట్టంలోనూ దురుద్దేశం లేదు. అందరూ మంచి పనే చేస్తున్నారు. ఆ మంచి పనులన్నీ కలిసి వచ్చి రెండెకరాల తోట మీద పడ్డాయి, పడ్డచోట మా పని కాదంటే మా పని కాదని చేతులు దులుపుకుంటున్నాయి.

"ఫిల్టరు ఫ్యాను కరెంటు తాగుతాది," అన్నాడు మోహన్‌కుమార్. "ఆ కరెంటు నువ్వు జర్మనీకి పంపే కార్బన్ పట్టికలో ఎక్కుతాది, అంకె పెరుగుతాది అని చెప్పింది ఎవురు? నువ్వే. పోయిన నెలలో. గుర్తుందా?"

గుర్తుంది.

"ఇంగొగటి. నిన్న పొడి అమ్మేవాణ్ణి అడిగినాను. ఫ్లోరైడు లేని పొడి సుత ఉండాదంట. రవ్వంత నిదానంగా పని చేస్తాదంట, అంతే. ఆ సంగతి నాకు తెలీదు రేణూ. నేను లేత్ మీద నుంచి వచ్చినోణ్ణి. తెలియల్సిన మనిషిని నేను ఉద్యోగంలో పెట్టుకున్నాను. పొయ్యి మార్చేటప్పుడు పర్యావరణం తరఫున సరే అని సంతకం పెట్టిన మనిషి నువ్వు."

రేణు కింద లేస్తున్న పొగ వైపు చూసింది.

ఆ రోజు బాగా జ్ఞాపకం. పొడి తాలూకు కాగితాలు పదకొండు పేజీలు వచ్చాయి. ఏడో పేజీలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం: పొగలోని ఫ్లోరైడు చుట్టుపక్కల ఆకుల మీద చేరుతుంది, ఆ ఆకు మేసే జీవాలకు హాని. ఆ వాక్యం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. వెనక గోడ వైపు కిటికీలోంచి చూసింది కూడా. గాలి ఈ నెలల్లో అటు కొట్టదులే అనుకుంది. సాయంత్రం లోపల పట్టిక జర్మనీకి పంపాలి. పట్టికలో బొగ్గుకు గడి ఉంది, డీజిల్‌కు గడి ఉంది, కరెంటుకు, లారీకి, అట్టపెట్టెకు కూడా గడి ఉంది. ఆకుకు గడి లేదు. తర్వాత చూద్దామనుకుని పేజీ తిప్పేసింది. కార్బన్ అంకె పదో వంతుకు దిగింది. ఫ్యాక్టరీ అంతా మైసూర్‌పాకు పంచారు. ఇంటికి పొట్లం పట్టుకెళ్లి తండ్రి నోట్లో తానే పెట్టింది.

గాలి తిరగడానికి ఆరు వారాలు పట్టింది.

"నేను నిన్ను బెదిరించడం లేదమ్మా," అన్నాడు మోహన్‌కుమార్, ఈసారి గొంతు తగ్గించి. "రిపోర్టు మార్చితే ఏమవుతాదో చెప్తా ఉండాను. ఆమీద నీ ఇష్టం."

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి ముత్తప్ప, సుధీర్ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ముత్తప్ప చేతిలో టీ గ్లాసు. ఆయన సుధీర్‌కు పండు పురుగును ఎలా గుర్తుపట్టాలో చెబుతున్నాడు. గూడు కట్టేముందు పురుగు ఒళ్లు వెలుతురుకు పట్టి చూస్తే పండిన ద్రాక్షలా లోపలి దాకా కనిపిస్తుందట. ఈ ఏడు అలాంటి పురుగును ఒక్కదాన్నీ చూడలేదు అని కూడా చెప్పాడు, మామూలు గొంతుతోనే.

సుధీర్ ముఖం మారి ఉంది. "మేడమ్, నేను తప్పు చేశాను. దిద్దుతాను," అన్నాడు. "అర్జీ మళ్లీ తెరుస్తున్నాను. పురుగులు ఆరోగ్యంగా ఉండి, ఆకు తిన్నాక చచ్చాయని రాస్తున్నాను. పొగను పరీక్షించాలని రాస్తున్నాను."

"రాయండి," అంది రేణు. ఆ ఒక్క మాటతో గుండె మీద బరువు దిగినట్టయింది. దిగినంతసేపు పట్టలేదు మళ్లీ ఎక్కడానికి.

"కొత్త ఫారంలో కొన్ని గడులు నింపాలి. అర్జీదారు పేరు, ముత్తప్ప. ఊరు, తెలుసు. నష్టానికి కారణమని చెబుతున్న పని: పొయ్యి మార్పు, తుక్కు కరిగించడం. ఆ మార్పుకు పర్యావరణం తరఫున ఒప్పుకున్న అధికారి..." సుధీర్ ఫైలు తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. వేలు సంతకం మీద ఆగింది. "ఎం. రేణు."

వాళ్ల వరస అప్పటిదాకా తెలియని అతను ఆ పేరు చదివాక తలెత్తి రేణు వైపు చూశాడు, తర్వాత ముత్తప్ప వైపు.

"ఎం అంటే..." అన్నాడు మెల్లగా.

"ముత్తప్ప," అంది రేణు.

ముత్తప్ప టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏమి పాపా అది? నీ పేరెందుకు సదివినాడు?"

మోహన్‌కుమార్ చెప్పాడు. కొత్త పొయ్యి పెట్టేటప్పుడు చుట్టుపక్కల ఎవరికీ చెరుపు లేదని ఒక మనిషి సంతకం పెట్టాలనీ, ఆ సంతకం రేణుదనీ, ఫిర్యాదు తెరిస్తే మొదట జవాబు చెప్పాల్సింది ఆమేననీ అరవం కలపకుండా తెలుగులోనే చెప్పాడు.

ముత్తప్ప సుధీర్ వైపు తిరిగాడు. "ఆ పేరు లేకుండా రాసుకోలేవా అప్పా?"

"కుదరదయ్యా. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు పోదు."

ఆకుకు గడి పెట్టడం మరిచిపోయినవాళ్లు పేరుకు మాత్రం మరిచిపోలేదు.

సుధీర్ రెండు కాగితాలు ప్రింటు తీసి ముత్తప్ప ముందు పక్కపక్కన పెట్టాడు. ఒకటి పాతది: షెడ్డులో రోగం, అర్జీ ముగిసింది. రెండోది కొత్తది: పొగ మీద విచారణ, జవాబు చెప్పాల్సినది ఎం. రేణు. ఏది నిలవాలన్నా అర్జీదారు సంతకం కావాలి.

ముత్తప్ప ఎక్కువసేపు ఆలోచించలేదు. పాత కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"రోగమే అనుకుందాంలే. పురుగులకి రోగాలు రావా? యాడ పెట్టల్లప్పా సంతకం?"

"వద్దు నాయనా!" రేణు ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "అది అబద్ధం. నువ్వు ముప్పై ఏండ్లుగా శుద్ధంగా పెట్టుకున్న షెడ్డు అది. నువ్వే రోగమని సంతకం పెడితే ఇంగ నీ మాట ఎవురు నమ్ముతారు? మళ్లీ పంట పోతే యాడికి పోయి చెప్పుకుంటావు?"

"చెయ్యి తియ్యి పాపా."

"తియ్యను."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఆ చూపు రేణుకు తెలుసు. షెడ్డులో అరల ముందు వంగి, ఒక్కో తట్టూ చూసుకుంటూ, ఏదో ఒక పురుగు దగ్గర ఆగిపోయే చూపు అది. మోహన్‌కుమార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడు తను గెలుస్తున్నాడని అతనికీ తెలుసు, ఆ గెలుపు అతనికి ఏమాత్రం రుచించడం లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది.

"మోహనా, నువ్వు, ఈయప్పా, రవ్వంత బయటికి పోండప్పా," అన్నాడు ముత్తప్ప. "నేను మా అమ్మాయితో మాట్లాడల్ల."

ఇద్దరూ వెళ్లారు. తలుపు మూసుకుంది. ముత్తప్ప పెన్ను బల్ల మీద పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సచ్చిన పురుగుని సూస్తే దేనికి సచ్చిందో నాకు తెలుస్తాది," అన్నాడు. "మందు గాలి తగిలి సచ్చిందా, సద్ది ఆకు తిని సచ్చిందా, ఎవురూ చెప్పనక్కర్లేదు. నిన్ను సూస్తా ఉండాను, తెలీడం లేదు పాపా. ఊళ్లో అందురికీ చెప్పుకున్నాను, మా అమ్మాయి పొగ తగ్గించే ఉద్యోగం చేస్తాదని. ఆ సంతకం పెట్టేటప్పుడు ఇట్లవుతాదని నీకు తెలుసా, తెలీదా? ఒగటే మాట చెప్పు. యాడ సంతకం పెట్టల్లో ఆమీద నేను సూసుకుంటాను."

తెలియదంటే నమ్ముతాడు. అనుమానం కూడా పడడు. రోగమని సంతకం పెట్టేసి, సున్నం చల్లిన గుంట పక్కనుంచి ఇంటికి నడిచిపోతాడు. ఆర్డరు వస్తుంది. నూట నలభై మంది వచ్చే నెల కూడా పనికి వస్తారు. ఆమె ఉద్యోగం ఆమెకుంటుంది. అందరికీ బాగుంటుంది, ఒక్క షెడ్డుకు తప్ప.

రేణు కాగితం మీది నుంచి చెయ్యి తీసింది.

"చదివినాను నాయనా," అంది. "ఆకుకి చెరుపని రాసి ఉండింది. చదివే పెట్టినాను."

ముత్తప్ప పాత కాగితాన్ని పక్కకు నెట్టాడు. కొత్త కాగితం ముందుకు లాక్కుని పెన్ను అందుకున్నాడు.